ముసలి బావులకు సూక్ష్మజీవుల వైద్యం: డాక్టర్ క్లాడ్ జోబెల్ జీవితం

చమురు బావి అనగానే చాలామంది మనసులో ఒక బొమ్మ మెదులుతుంది. నేల అడుగున పెద్ద చెరువులా నూనె నిలవ ఉంటుందనీ, గొట్టం దింపి తోడుకోవడమే తరువాయి అనీ అనుకుంటారు. మనలో రిగ్గుల మీదా, ప్రొడక్షన్ స్టేషన్లలోనూ పనిచేసినవారు ఇంట్లో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా ఆ బొమ్మ చెరిగిపోదు. నిజానికి చమురు ఉండేది రాతిలో. ఇసుకరాయిలోనో, సున్నపురాయిలోనో ఉన్న సన్నటి రంధ్రాలలో, నానబెట్టిన ఇటుకలో నీరు ఇంకి ఉన్నట్టు ఉంటుంది. బావి తవ్విన కొత్తలో లోపలి ఒత్తిడికి అది తనంతట తానే పైకి వస్తుంది. ఒత్తిడి తగ్గాక పంపులు పెడతారు. అదీ సరిపోనప్పుడు పక్క బావుల ద్వారా నీటిని లోపలికి ఎక్కించి చమురును నెట్టుకొస్తారు. ఇన్ని పాట్లు పడ్డా చాలా క్షేత్రాలలో ఉన్న చమురులో మూడో వంతుకు అటూ ఇటూగా మాత్రమే మన చేతికి వస్తుంది. మిగతాది రాతిని కరచుకుని అక్కడే ఉండిపోతుంది. కొన్నాళ్లకు బావి నుంచి వచ్చేదంతా నీరే అవుతుంది. పది బకెట్ల ద్రవం వస్తే తొమ్మిది బకెట్ల నీరు. అప్పుడు ఆ క్షేత్రానికి ముసలితనం వచ్చిందంటారు.

రాతిని వదలని ఆ చమురును విడిపించే పనికి కంటికి కనిపించని కూలీలను పెట్టవచ్చునని ప్రయోగశాలలో చూపించి, 1946లో అమెరికాలో ఆ పద్ధతికి పేటెంటు పొందిన శాస్త్రవేత్త డాక్టర్ క్లాడ్ జోబెల్. ఆయన పెట్రోలియం ఇంజనీరు కాదు. భూగర్భ శాస్త్రజ్ఞుడూ కాదు. సముద్రంలోని బాక్టీరియా మీద జీవితమంతా పరిశోధన చేసిన మనిషి. సముద్రపు సూక్ష్మజీవశాస్త్రానికి ఆద్యుడిగా ప్రపంచమంతా ఆయనను గౌరవిస్తుంది. చమురు విషయంలో మాత్రం ఆయన కథ అంత సాఫీగా సాగలేదు. ఆయన నమ్మిన సూక్ష్మజీవి ఒకటి, చమురు క్షేత్రాలకు పనికొచ్చిన సూక్ష్మజీవులు వేరొకటి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ సంగతి చెప్పడానికే.

క్లాడ్ ఎఫ్రాయిం జోబెల్ 1904 ఆగస్టు 22న అమెరికాలోని యూటా రాష్ట్రం, ప్రోవో పట్టణంలో పుట్టారు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం ఐడహో రాష్ట్రంలోని రిగ్బీకి మారింది. సముద్రానికి వందల మైళ్ల దూరంలో ఉన్న వ్యవసాయ ప్రాంతం అది. లోగన్‌లోని యూటా వ్యవసాయ కళాశాలలో చదివి 1927లో బి.ఎస్., 1929లో ఎం.ఎస్. పట్టాలు అందుకున్నారు. తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త దగ్గర చేరి 1931లో డాక్టరేటు పొందారు. అప్పటి పరిశోధన బ్రూసెల్లా అనే బాక్టీరియా మీద. పశువులను పెంచినవారికి ఆ రోగం సంగతి తెలిసే ఉంటుంది. చూడి పశువులు ఈచుకుపోవడానికి కారణమయ్యేది అదే. కాచని పాల ద్వారా మనుషులకూ జ్వరం తెప్పిస్తుంది. అంటే ఆయన పాడి పశువుల రోగాలతో మొదలుపెట్టి సముద్రానికి వచ్చారన్నమాట.

1932లో కాలిఫోర్నియా తీరంలోని లా హోయా వద్ద ఉన్న స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థలో ఉద్యోగంలో చేరారు. విశ్రాంతి తీసుకునేవరకు అదే ఆయన స్థానం. ఆ రోజుల్లో సముద్రపు బాక్టీరియా గురించి తెలిసింది బహు తక్కువ. నేల మీది బాక్టీరియాకు వాడే పోషక ద్రావణాలలో వేస్తే సముద్రపువి సరిగా పెరిగేవి కావు. జోబెల్ ఓపికగా రకరకాల ద్రావణాలు తయారు చేసి చూశారు. చివరికి సముద్రపు నీరు, పెప్టోన్, కొద్దిపాటి ఇనుము లవణం, అగర్ కలిపి చేసిన ఒక మిశ్రమం బాగా పనిచేసింది. 1941లో ఆయన ప్రకటించిన ఆ మిశ్రమాన్నే కొద్ది మార్పులతో నేటికీ 2216 అనే సంఖ్యతో ప్రపంచమంతా వాడుతున్నారు. మన దేశంలో కూడా జోబెల్ మెరైన్ అగర్ అన్న పేరుతోనే సీసాలలో అమ్ముతారు. మన పిల్లలలో, మనవలలో మైక్రోబయాలజీ చదివినవారు ఎవరైనా ఉంటే అడిగి చూడండి, ఆ పేరు విని ఉంటారు. ఆ పేరు వెనుక ఒక మనిషి ఉన్నాడని మాత్రం వాళ్లలో చాలామందికి తోచి ఉండదు.

స్క్రిప్స్‌లో తొలి రోజుల్లో ఆయన చేసిన రెండు పనులు తరువాత చమురు వైపు దారి చూపాయి. అందుకని వాటిని కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటిది ఓడల అడుగు భాగానికి పట్టే చెత్త సంగతి. సముద్రంలో ఉన్న ఏ వస్తువుకైనా కొద్ది వారాలలో నత్తలు, గుల్లలు, నాచు పట్టి ఓడ వేగం తగ్గిపోతుంది. జోబెల్ గాజు పలకలను సముద్రపు నీటిలో వేలాడదీసి, కొన్ని గంటలకు ఒకసారి తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. నత్తలూ గుల్లలూ రావడానికి ఎంతో ముందే బాక్టీరియా వచ్చి గాజును అంటుకుని ఒక సన్నని జిగురు పొర అల్లుకుంటున్నాయని గమనించారు. 1935లో ఆ ఫలితాలు ప్రకటించారు. మన ఇళ్లలో నీళ్ల తొట్టి లోపలి గోడను వేలితో రాస్తే జారుడుగా తగిలే పొర అలాంటిదే. ఈ రోజుల్లో దానికి బయోఫిల్మ్ అని పేరు పెట్టి, ఆస్పత్రులలో, నీటి గొట్టాలలో, పళ్ల పాచిలో దాని మీద వేలకొద్దీ పరిశోధనలు చేస్తున్నారు. ఆ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో జోబెల్ ఒకరు.

రెండవది సీసాల సంగతి. సముద్రపు నీటిని సీసాలో పట్టి ఉంచితే కొద్ది రోజుల్లో అందులో బాక్టీరియా విపరీతంగా పెరుగుతోంది. పెద్ద సీసాలో కంటే చిన్న సీసాలో మరీ ఎక్కువ. నీరు ఒకటే, ఆహారం ఒకటే, మరి తేడా ఎందుకు? చిన్న సీసాలో నీటి పరిమాణంతో పోలిస్తే గాజు గోడ వైశాల్యం ఎక్కువ. నీటిలో అతి పలచగా ఉన్న పోషక పదార్థం గోడకు చేరి పేరుకుంటోంది. బాక్టీరియా కూడా అక్కడికే చేరి, అంటుకుని, తిని పెరుగుతోంది. 1936 నుంచి చేసిన ఈ ప్రయోగాల సారాన్ని 1943లో ఒక వ్యాసంగా ప్రచురించారు. నీటిలో తేలుతూ ఉండడం కంటే గట్టి వస్తువు నొకదానిని పట్టుకుని ఉండడమే బాక్టీరియాకు ఇష్టం అన్నది ఆయనకు అప్పటికి బాగా తెలిసిపోయింది. ఇక చమురు ఉండే రాయిని తలచుకోండి. అందులో లెక్కలేనన్ని రంధ్రాలు, ప్రతి రంధ్రానికీ గోడలు. పిడికెడు ఇసుకరాయిలోని రేణువుల ఉపరితలమంతా పరిస్తే ఒక పెద్ద గది నేల కంటే ఎక్కువే ఉంటుంది.

చమురులో బాక్టీరియా ఉంటుందన్న మాటను జోబెల్ కనిపెట్టలేదు. 1926లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎడ్సన్ బాస్టిన్ లోతైన చమురు బావుల నుంచి వచ్చిన నీటిలో సల్ఫేటును సల్ఫైడుగా మార్చే బాక్టీరియా ఉందని చూపారు. అదే సంవత్సరం బెక్‌మన్ అనే మరొకరు బాక్టీరియాతో చమురును విడిపించవచ్చునేమో అన్న సూచన చేశారు. అది సూచనగానే మిగిలింది. దాన్ని పట్టుకుని ప్రయోగం వరకు నడిపించడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది.

1940 దశకం మొదట్లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఒక పెద్ద పరిశోధన చేపట్టింది. భూమిలో జీవ పదార్థం చమురుగా ఎలా మారుతుందో తేల్చడం దాని ఉద్దేశం. దానికి 43వ ప్రాజెక్టు అని పేరు. అందులో బాక్టీరియా పాత్ర ఏమిటో చూసే భాగాన్ని, అంటే 43-ఎ ను, జోబెల్‌కు అప్పగించారు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. చమురు కోసం దేశాలు కొట్టుకుంటున్న రోజులు. జోబెల్ సముద్రపు అడుగు నుంచి, చమురు బావుల నుంచి నమూనాలు తెప్పించుకుని గాలి చొరబడని సీసాలలో బాక్టీరియాను పెంచారు. అసలు అడిగిన ప్రశ్నకు ఆశించినంత గట్టి జవాబు రాలేదు. బాక్టీరియా మీథేన్ వాయువును బాగానే తయారు చేస్తుంది గాని చమురును తయారు చేస్తుందని చూపడం సాధ్యపడలేదు. చమురుకు అసలు కారణం లోతులోని వేడి, దీర్ఘకాలం అని శాస్త్రం తరువాత తేల్చింది. కానీ ఆ సీసాలలో ఎవరూ అడగని విషయం ఒకటి కనిపించింది. చమురు పట్టిన ఇసుకను బాక్టీరియాతో కలిపి ఉంచినప్పుడు కొంతకాలానికి ఇసుక రేణువుల నుంచి చమురు బొట్లు బొట్లుగా విడివడి పైకి తేలుతోంది. కెనడాలోని అథబాస్కా ప్రాంతపు తారు ఇసుక సంగతి వినే ఉంటారు, మామూలుగా వేడినీళ్లతో కడిగితే తప్ప చమురు వదలనిది. దానితో చేసిన ప్రయోగాలలో కూడా చమురు విడివడింది. బాక్టీరియా లేని సీసాలలో అలా జరగలేదు.

ఎందుకిలా జరిగిందో జోబెల్ పలు కారణాలు చూపారు. అవి నేటికీ పాఠ్య పుస్తకాలలో నిలిచే ఉన్నాయి. బాక్టీరియా ఆమ్లాలను పుట్టిస్తుంది. సున్నపు రాయి గాని, సున్నంతో అతికిన ఇసుకరాయి గాని ఆ ఆమ్లానికి కొంత కరిగి దారి వెడల్పవుతుంది. బాక్టీరియా వాయువులనూ పుట్టిస్తుంది. రాత్రి రుబ్బి పెట్టిన దోసెల పిండి తెల్లవారేసరికి గిన్నె అంచు దాటి పొంగుతుంది కదా, ఆ పొంగు వెనుక ఉన్నది బాక్టీరియా, దాని తోడు సూక్ష్మజీవులు వదిలిన వాయువే. రాతి రంధ్రాలలో ఆ వాయువు చమురును నెడుతుంది. కొంత చమురులో కరిగి దాన్ని పలచన చేస్తుంది. ఇక కొన్ని రకాలు సబ్బు వంటి పదార్థాలను విడుదల చేస్తాయి. కుంకుడు రసం తలనూనెను ఎలా వదిలిస్తుందో ఇవి చమురును రాతి నుంచి అలాగే వదిలిస్తాయి. అన్నిటికంటే జోబెల్ ముద్ర స్పష్టంగా కనిపించేది చివరి కారణంలో. గోడను అంటుకోవడం బాక్టీరియా స్వభావం గనుక, అది రాతి రేణువును పట్టుకుంటూ పోతుంటే అక్కడ పరుచుకుని ఉన్న చమురు పొరకు చోటు తగ్గి పక్కకు తప్పుకోవలసి వస్తుంది. అద్దె ఇంట్లోకి కొత్తవాళ్లు సామానుతో దిగితే పాతవాళ్లు ఖాళీ చేయక తప్పనట్టు. గాజు పలకల మీద పదేళ్ల క్రితం చూసినదే ఆయనకు ఇక్కడ పనికొచ్చింది.

ఈ పద్ధతికి 1946 డిసెంబరులో పేటెంటు వచ్చింది. ఆ సంవత్సరమే ఆయన సముద్రపు సూక్ష్మజీవశాస్త్రం మీద రాసిన ఉద్గ్రంథం వెలువడింది. ఆ రంగంలో అంత సమగ్రమైన పుస్తకం అంతకు ముందు లేదు. అదే ఏడాది ఇంకో సుదీర్ఘ వ్యాసంలో, హైడ్రోకార్బన్‌లను ఆహారంగా వాడుకోగల బాక్టీరియా, ఈస్టు, బూజులు దాదాపు 100 జాతులు ఉన్నాయని అప్పటివరకు తెలిసిన సమాచారమంతా గుదిగుచ్చి చూపించారు. చమురు అంటే ఏ జీవీ ముట్టని పదార్థం అనుకునేవారికి అది కనువిప్పు అయింది. ఈ మూడూ ఒకే ఏడాదిలో వచ్చాయి. అప్పుడాయన వయస్సు 42.

ఇక్కడి నుంచే చిక్కు మొదలైంది. జోబెల్ తన పద్ధతికి ఎంచుకున్నది సల్ఫేటును తిని సల్ఫైడును వదిలే బాక్టీరియా. అందుకు ఆయనకు బలమైన కారణాలే ఉన్నాయి. అది గాలి లేకుండా బతుకుతుంది. ఉప్పు నీటిలో బతుకుతుంది. చమురు బావులలో సహజంగానే కనిపిస్తుంది. ప్రయోగశాలలో చక్కగా పనిచేసింది. కానీ అది వదిలే సల్ఫైడు ఏమిటో మనలో ఫీల్డులో పనిచేసినవారికి వేరే చెప్పాలా? హైడ్రోజన్ సల్ఫైడు. కుళ్లిన గుడ్ల కంపు. మోతాదు మించితే ఆ వాసన కూడా తెలియకుండానే ప్రాణం తీసే విషం. అదే ఇనుప గొట్టాలను లోపలి నుంచి తినేసి తుప్పుకు గురి చేస్తుంది. మంచి చమురును, గ్యాసును పాడు చేసి శుద్ధి ఖర్చు పెంచుతుంది. పుట్టే ఐరన్ సల్ఫైడు నల్లటి మడ్డిలా చేరి రాతి రంధ్రాలను పూడుస్తుంది. ఈ బాక్టీరియాను చంపడానికి చమురు కంపెనీలు ఏటా మందులు కొని బావుల్లో పోస్తాయి. అలాంటిదాన్ని కోరి లోపలికి పంపమంటే, ప్రొడక్షన్ ఇంజనీర్లకు అది పాముకు పాలు పోసి పెంచినట్టే తోచింది. వారిని తప్పు పట్టలేం.

దానికి తోడు సీసాకూ రిజర్వాయరుకూ ఉన్న దూరం ఒకటి. సీసాలో వారాల తరబడి కదపకుండా ఉంచవచ్చు. రిజర్వాయరులో కిలోమీటర్ల పర్యంతం రాయి ఉంటుంది. ఎక్కించిన బాక్టీరియా బావి మొదట్లోనే గుమికూడి దారి మూసేస్తుందే తప్ప లోపలిదాకా చేరదు. చేరినా అక్కడ దానికి తిండి కావాలి. లోతు పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది. చాలా రకాలు ఆ వేడికి తట్టుకోలేవు. వీటన్నిటి మీదా 1950, 60 దశకాలలో మధ్యప్రాచ్యం నుంచి కారుచౌకగా చమురు వచ్చి పడింది. బ్యారెల్ రెండు డాలర్లకు దొరుకుతుంటే ముసలి బావిని పిండే ఓపిక ఎవరికి ఉంటుంది?

అయినా ప్రయత్నం ఆగిపోలేదు. జోబెల్ వేసిన దారిలోనే ఇతరులు నడిచారు, బాక్టీరియాను మాత్రం మార్చారు. 1954లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిస్బన్ క్షేత్రంలో మొదటిసారి పొలంలోకి దిగినట్టు నిజమైన బావిలో ఈ పద్ధతిని పరీక్షించారు. వాడినది క్లాస్ట్రిడియం అనే రకం. ఇది సల్ఫైడును కాక ఆమ్లాలను, వాయువులను ఎక్కువగా పుట్టిస్తుంది. దానికి తిండి మొలాసిస్. మన చక్కెర ఫ్యాక్టరీల వెనుక తొట్లలో నల్లగా జిగటగా పడి ఉండే సరుకే. చమురు ఉత్పత్తి కొంత పెరిగింది గాని, ఆ ప్రయోగపు వివరాలు బయటి ప్రపంచానికి చేరేసరికి దాదాపు మూడు దశాబ్దాలు గడిచాయి. ఈలోగా చెకోస్లొవేకియా, పోలెండు, హంగరీ, సోవియట్ రష్యాలలో ఎవరి ప్రయోగాలు వారు చేసుకున్నారు. కొన్నిచోట్ల లాభం కనిపించింది, కొన్నిచోట్ల ఏమీ తేలలేదు. 1973లో చమురు ధర ఒక్కసారిగా ఆకాశానికి అంటాక గాని పాత పేటెంటు దుమ్ము దులిపి మళ్లీ చదివినవాళ్లు లేరు.

తరువాత వచ్చిన మార్పు ఒకటి చెప్పి తీరాలి. బయటి నుంచి బాక్టీరియాను మోసుకెళ్లడం కంటే, రాతిలో తరతరాలుగా ఉన్న బాక్టీరియాకే కావలసిన తిండి పెడితే మేలు కదా అన్న ఆలోచన బలపడింది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో నార్త్ బ్లోహార్న్ క్రీక్ అనే క్షేత్రం ఉంది. 1990 దశకంలో మిసిసిపి స్టేట్ విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్తల సలహాతో అక్కడ ఎక్కించే నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు కలిపారు. అంటే మనం చేలో చల్లే ఎరువుల వంటివే. లోపలి బాక్టీరియా బలిసి, నీరు అంతవరకు పారుతున్న పెద్ద దారులను పూడ్చింది. నీరు విధి లేక చమురు మిగిలిన సందుల్లోకి మళ్లింది. 1998 నాటికి సుమారు 69 వేల బ్యారెళ్ల అదనపు చమురు వచ్చింది. మూసేయబోతున్న క్షేత్రం ఇంకొన్నేళ్లు నడిచింది. ఒకప్పుడు దోషమనుకున్న పూడికే ఇక్కడ గుణమైంది. పైగా నైట్రేటును తినే బాక్టీరియా పెరిగినచోట సల్ఫైడును వదిలే బాక్టీరియా వెనక్కి తగ్గుతుందని తేలింది. జోబెల్ నమ్ముకున్న సూక్ష్మజీవిని అదుపులో పెట్టే ఉపాయం చివరికి ఇలా దొరికింది.

మన దేశంలో కూడా ఈ పని జరిగింది. ఒ.ఎన్.జి.సి. వారి రిజర్వాయరు అధ్యయన సంస్థ అహ్మదాబాదులో ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు, ఢిల్లీలోని టెరి సంస్థవారు కలిసి 90 డిగ్రీల సెల్సియస్ వేడికి కూడా తట్టుకునే బాక్టీరియా మిశ్రమాలను తయారు చేశారు. 2007లో ఒ.ఎన్.జి.సి.-టెరి బయోటెక్ అనే ఉమ్మడి కంపెనీ ఏర్పడింది. వీరు ఎక్కువగా ఒక్కొక్క బావికి విడివిడిగా వైద్యం చేసే పద్ధతి వాడారు. దిగుబడి తగ్గిన బావిలోకి బాక్టీరియాను, దాని తిండిని ఎక్కించి, కొన్ని వారాలు బావిని మూసి ఉంచుతారు. పాలలో తోడు వేసి గిన్నె కదపకుండా ఉంచినట్టే. తరువాత తెరిస్తే చమురు పాలు పెరిగి, నీటి పాలు తగ్గుతుంది. ప్రతి బావికీ పడదు. లోతుగా, మరీ వేడిగా ఉన్న బావులకు ఈ వైద్యం పనికిరాదు. మన కృష్ణా గోదావరి ప్రాంతంలో వేడి, ఒత్తిడి ఎక్కువగా ఉన్న బావుల సంగతి తెలిసిన మిత్రులకు ఈ పరిమితి ఎంత పెద్దదో వివరించనక్కర లేదు.

మళ్లీ జోబెల్ దగ్గరికి వద్దాం. తన పేటెంటు ప్రకారం పెద్ద ఎత్తున చమురు తీసిన క్షేత్రాన్ని ఆయన చూడలేదు. ఆ బాధ ఆయనను కుంగదీసినట్టు ఆయన తరువాతి పనిలో ఎక్కడా కనిపించదు. చమురు బావుల బాక్టీరియా అంత ఒత్తిడిలో ఎలా బతుకుతోంది అన్న ప్రశ్నను పట్టుకుని ఆయన మళ్లీ సముద్రం వైపు నడిచారు. ప్రిన్స్‌టన్‌కు చెందిన ఫ్రాంక్ జాన్సన్‌తో కలిసి ఉక్కు పాత్రలలో వందల రెట్లు ఒత్తిడి పెట్టి బాక్టీరియాను పెంచి చూశారు. కొన్ని రకాలు ఒత్తిడిలోనే బాగా పెరుగుతున్నాయని గమనించి, వాటికి 1949లో బారోఫిలిక్ అని పేరు పెట్టారు, అంటే ఒత్తిడిని ఇష్టపడేవి అని.

1951లో డెన్మార్కు దేశపు గలతియా అనే పరిశోధక నౌక మీద ఫిలిప్పైన్స్ అగాధం వద్దకు వెళ్లారు. అక్కడ సముద్రం లోతు 10 వేల మీటర్లకు పైనే. మన ఎవరెస్టును అందులో దింపితే శిఖరం మీద ఇంకా కిలోమీటరుకు పైగా నీరు నిలుస్తుంది. అడుగున ఒత్తిడి ఉపరితలం మీద కంటే సుమారు వెయ్యి రెట్లు. అంత లోతున ఏ ప్రాణీ ఉండదన్న అభిప్రాయం ఒకప్పుడు ఉండేది. నౌక అక్కడి బురదను పైకి తెచ్చింది. అందులో బతికి ఉన్న బాక్టీరియాను జోబెల్ చూపించారు. వెయ్యి రెట్ల ఒత్తిడి పెట్టినప్పుడు అవి పెరిగాయి. మామూలు గాలి ఒత్తిడిలో పెరగలేదు. శిష్యుడు రిచర్డ్ మోరిటాతో కలిసి 1957లో ఆ వివరాలు ప్రచురించారు. నా మటుకు నాకు ఆయన చేసిన పనులన్నిటిలో ఇదే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

1960 దశకం చివరకు వచ్చేసరికి చమురు సమస్య తలకిందులైంది. నేలలోంచి చమురును పైకి తేవడం ఎలా అన్న చింత పోయి, సముద్రంలో ఒలికిన చమురును వదిలించడం ఎలా అన్నది ముందుకొచ్చింది. 1967లో ఇంగ్లండు తీరంలో టోరీ కాన్యన్ నౌక పగిలింది. 1969లో జోబెల్ ఉండే కాలిఫోర్నియాలోనే శాంతా బార్బరా తీరంలో బావి నుంచి చమురు ఎగదన్ని సముద్రమంతా పరుచుకుంది. 1968లో అలాస్కా ఉత్తర తీరాన ప్రూడో బే వద్ద భారీ చమురు నిక్షేపం బయటపడింది. అక్కడి నుంచి పైపులైను వేయాలనీ, ఓడల్లో తరలించాలనీ ఆలోచనలు సాగుతున్నాయి. అంత చలిలో చమురు ఒలికితే బాక్టీరియా దాన్ని తినగలదా? జోబెల్ 1946లో పోగుచేసి పెట్టిన జ్ఞానం అంతా ఇప్పుడు అవసరమైంది. అలాస్కా ఉత్తర ప్రాంతపు బాక్టీరియాతో ఆయన ప్రయోగాలు చేశారు. నీరు గడ్డకట్టే చలి దగ్గర కూడా, ఇంకా కొంచెం దిగువన కూడా కొన్ని రకాలు ఖనిజ తైలాన్ని తినగలవని 1970 దశకం తొలి సంవత్సరాలలో చూపించారు. నెమ్మదిగా తింటాయి, కానీ తింటాయి.

1972లో పదవీ విరమణ చేశారు. మనందరికీ తెలిసినదే, కుర్చీ ఖాళీ చేసినంత మాత్రాన బుర్ర ఊరుకోదు. చలి ప్రాంతపు చమురు మీద ఆయన వ్యాసాలు ఆ తరువాత కూడా వెలువడ్డాయి.

1989 మార్చిలో, 84 ఏళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు. అదే నెల 24వ తేదీన ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు నౌక అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్‌లో బండను ఢీకొంది. దాదాపు 37 వేల టన్నుల ముడి చమురు సముద్రం పాలయింది. అది ప్రూడో బే నుంచి పైపులైను మీద వచ్చిన చమురే. వేడినీళ్లతో రాళ్లు కడిగారు, తట్టలతో తారు ఎత్తారు, పక్షులను సబ్బుతో తోమారు. ఆ వేసవిలో తీరం పొడవునా కొన్నిచోట్ల మనుషులు నత్రజని, భాస్వరం ఉన్న ఎరువును రాళ్ల మీద చల్లుతూ కనిపించారు. రాళ్ల సందుల్లో ముందే ఉన్న బాక్టీరియాకు అది తిండి. ఎరువు పడిన చోట రెండు మూడు వారాలలో రాళ్లు నలుపు వదిలి తేటపడడం మొదలైంది. పక్కనే ఎరువు చల్లకుండా వదిలిన రాళ్లు అప్పటికింకా నల్లగానే ఉన్నాయి.